గూంజ్ పొడుగు పెంచండి భాయ్, మోత కాదు



మొన్న ఒక మీలాద్ మెహఫిల్ అయిపోయి ఇంటికొచ్చాక అమ్మీని అడిగాను, "నాత్ ఎట్లుండె అమ్మీ?" అని. "ఆవాజ్ బాగుండె బేటా. ఏం పాడినాడో మాత్రం నాకు సమఝ్ కాలేదు" అంది.

నాకు షర్మ్ అనిపించింది. ఎందుకంటే ఆ రాత్రి పాడింది తెలుగు నాత్. ఉర్దూ కలామ్‌లతో పాటు తెలుగు కలామ్ కూడా ఉండాలని జిద్ చేసిన నలుగురిలో నేనూ ఒకణ్ని. అనంతపురం జిల్లాలో ఉర్దూ చదవడం రాని ముస్లిం ఇళ్లు ఎన్నో ఉన్నాయి. దూదేకుల ఇళ్లలో మాట్లాడేదే తెలుగు. ఆ ఇళ్ల అమ్మలకు, పిల్లలకు సీరత్‌లోని మాట వాళ్ల జబాన్‌లో చెవిన పడాలనేది మా నియ్యత్. తీరా చూస్తే అమ్మీకి చేరింది ఆవాజ్ ఒక్కటే, లఫ్జ్ చేరలేదు.

నేను స్టేజీకి పదడుగుల దూరంలో కూర్చున్నాను. నాకు ప్రతి అక్షరమూ వినిపించింది. అమ్మీ కూర్చున్నది పర్దా వెనక, జనానాలో, హారన్ కట్టిన గుంజ పక్కన. కమిటీ వాళ్లం ముందు వరసలో కూర్చుని "మాషా అల్లా, సౌండ్ అదిరింది" అనుకుంటూ ఉంటాం. పాట అసలు ఎవరి కోసం పెట్టామో వాళ్లు గుంజ కింద కూర్చుని గూంజ్ మాత్రం వింటూ ఉంటారు. తెలుగు గుంజకూ ఉర్దూ గూంజ్‌కూ ఇంత దగ్గర రిష్తా ఉందని నాకు ఆ రాత్రే తట్టింది.

సౌండ్ తమ్ముణ్ని తిట్టడానికి ఇది రాయడం లేదు. నేను చూస్తుండగానే నాత్‌ఖ్వాన్ భాయ్ రెండుసార్లు చేయి పైకెత్తి "ఎకో పెంచు" అని ఇషారా చేశాడు. తమ్ముడు తన దగ్గరున్న ఒకే ఒక్క నాబ్ తిప్పాడు. గల్తీ ఆ నాబ్ దగ్గరే మొదలైంది. మనం ఎకో అనే ఒక్క మాటలో మూడు వేరువేరు సంగతులు కుక్కేశాం.

ఉర్దూలో ప్రతిధ్వనికి ఒక అందమైన పేరుంది, సదా-ఎ-బాజ్‌గష్త్. తిరిగొచ్చే పిలుపు అని. ఆ పేరు వింటేనే మూడు సవాళ్లు పుడతాయి. ఎంతసేపటికి తిరిగొచ్చింది? ఎన్నిసార్లు తిరిగొచ్చింది? ఎలాంటి గొంతుతో తిరిగొచ్చింది? డిలే పెడల్ మీద వీటిలో మొదటిదానికి టైమ్ అని, రెండోదానికి రిపీట్ లేదా ఫీడ్‌బ్యాక్ అని నాబులుంటాయి. మూడోదానికి కొన్నిటి మీద టోన్ అని ఉంటుంది, చాలావాటి మీద ఉండదు. ఎంత గట్టిగా కలపాలనే లెవెల్ నాబ్ వీటికి తోడు. మన ఊళ్లలో "రీసౌండ్ పెట్టు" అంటే ఆపరేటర్ రిపీట్‌నూ లెవెల్‌నూ పెంచుతాడు. టైమ్ జోలికి ఎవరూ పోరు. టోన్ అనేది ఒకటుందనే చాలామందికి ఖబర్ లేదు. నా వాదన దీనికి సరిగ్గా ఉల్టా. టైమ్ పెంచండి, టోన్ మసక చేయండి, మిగతా రెండూ తగ్గించండి.

అసలు గూంజ్ ఎందుకు, తీసేస్తే పోలేదా అనే బుజుర్గులు ఉన్నారు. వాళ్ల మాటలో సగం నిజం ఉంది, దాని దగ్గరికి తర్వాత వస్తాను. కానీ షౌక్ కొద్దీ పుట్టింది కాదు ఇది. మన పాట గుంబజ్ కింద పెరిగింది. ఇక్కడికి ఉత్తరాన బీజాపూర్‌లో 1656లో పూర్తయిన గోల్ గుంబజ్ ఉంది కదా. పై వసారాలో నిలబడి చిన్నగా పిలిస్తే ఆ పిలుపు మళ్లీ మళ్లీ తిరిగొస్తుంది. గొంతు కాస్త అరిగినా, దమ్ తగ్గినా, ఆ రాతి గోడలు సహారా ఇస్తాయి. మన మెహఫిల్ జరిగేది అలాంటి చోట కాదు. శనగ పీకేసిన చేలోనో, బడి మైదానంలోనో, దర్గా ముందు ఖాళీ జాగాలోనో. గోడ లేదు, కప్పు లేదు. గాలి వచ్చి ఆవాజ్‌ను ఎత్తుకుపోతుంది. సౌండ్ వాళ్లు ఇలాంటి ఆవాజ్‌ను "డ్రై" అంటారు. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన కోసం మొగులు చూసే జిల్లా వాళ్లకు ఆ మాట విడమరచి చెప్పాల్సిన పని లేదు. పాడేవాడికి తన గొంతు తనకు ఎండిపోయినట్టు అనిపిస్తుంది, అందుకే చేయి పైకెత్తుతాడు. అతని జరూరత్ నిజమే. మనం ఇచ్చే దవాయే తప్పు.

ఇప్పుడు ఆ డబ్బా లోపల ఏముందో చూద్దాం. మన సౌండ్ దుకాణాల్లో కనిపించే చౌక ఎకో బోర్డుల్లో, కరోకే డబ్బాల్లో ఎక్కువగా ఉండేది పీటీ2399 అనే చిప్. తైవాన్ కంపెనీది. బెంగళూరు ఎస్.పి. రోడ్డులో ఎలక్ట్రానిక్స్ సామాను కొనే వాళ్లందరికీ తెలిసిన చిప్ అది. సుమారు 340 మిల్లీసెకన్ల దాకా ఫర్వాలేదనిపిస్తుంది, అంటే సెకనులో మూడో వంతు. అంతకు మించి లాగితే సర్రుమనే రొద, గరగర మొదలవుతాయి. అందుకని బోర్డు చేసేవాళ్లు టైమ్‌ను 200, 250 దగ్గరే బిగించి ఇస్తారు, చాలా డబ్బాల్లో దాన్ని మార్చడానికి నాబే ఉండదు. పాట జోరందుకున్నప్పుడు గాయకుడు సెకనుకు నాలుగైదు అక్షరాలు పలుకుతాడు. అంటే 200 నుంచి 250 మిల్లీసెకన్లకు ఒక అక్షరం. ఎకో సరిగ్గా అంతే టైమ్‌లో తిరిగొస్తే ఏమవుతుంది? ప్రతి అక్షరం మీదా దాని ముందరి అక్షరం వచ్చి కూర్చుంటుంది. "రహ్మత్" అంటే "మత్" మీద "రహ్" పడుతుంది. దానికి నాలుగైదు రిపీట్‌లు కలిపారంటే అమ్మీకి సమఝ్ కాకపోవడంలో తప్పేముంది?

దీనికంటే ముందు తరం పెడల్స్‌ను అనలాగ్ అంటారు. వాటి కథ మన జిల్లా వాళ్లకు ఇట్టే అర్థమవుతుంది. 1969లో ఫిలిప్స్ కంపెనీలో సాంగ్‌స్టర్, టీర్ అనే ఇద్దరు ఒక సర్క్యూట్ కనిపెట్టారు. దానికి పెట్టుకున్న పేరు బకెట్ బ్రిగేడ్. నిప్పంటుకున్నప్పుడు జనం వరసగా నిలబడి బకెట్లు చేతులు మార్చుకుంటారు కదా, అది. బోరింగు దగ్గర్నుంచి ఇంటి తొట్టిదాకా అన్నాదమ్ములు, అక్కాచెల్లెళ్లు వరసగా నిలబడి బిందెలు అందించుకోవడం మనమంతా చేసిందే. చిప్‌లో బిందెకు బదులు చిన్న విద్యుత్ ఆవేశం, చేతులకు బదులు కెపాసిటర్లు. ఎంఎన్3005 అనే పేరున్న చిప్‌లో అలాంటి చేతులు 4096. ఒక గడియారం టక్ టక్ మంటూ ఉంటే ఆవాజ్ ఒక చేతి నుంచి ఇంకో చేతికి పోతుంది. గడియారం సెకనుకు పదివేల సార్లు కొడితే ఈ కొస నుంచి ఆ కొసకు చేరడానికి 204.8 మిల్లీసెకన్లు పడుతుంది.

ఇంకా పొడుగు కావాలంటే? గడియారాన్ని నిదానం చేయాలి. లేదా వరసలో ఇంకా మనుషుల్ని నిలబెట్టాలి. రెండింటికీ కీమత్ చెల్లించాలి. వరస పొడుగైతే బిందె చేతులు మారిన కొద్దీ నీళ్లు ఒలుకుతాయి, ఇక్కడ రొద కలుస్తుంది. గడియారం నిదానమైతే ఆవాజ్‌లోని సన్నని భాగం దాటలేదు. గడియారం వేగంలో సగానికి పైనున్న స్వరం ఏదీ ఆ వరసలో బతకదు, కాబట్టి ముందే ఫిల్టర్ పెట్టి కోసేస్తారు. 1981లో వచ్చిన బాస్ డీఎం-2 పెడల్ 300 మిల్లీసెకన్ల దగ్గర ఆగిపోయింది, అదీ మసక గొంతుతో. 2014లో అదే కంపెనీ దాన్ని డీఎం-2డబ్ల్యూ పేరుతో మళ్లీ చేసి 800 దాకా పొడిగించింది. ఎంఎక్స్ఆర్ వాళ్ల కార్బన్ కాపీ 600 దాకా పోతుంది. పేరు చూడండి, కార్బన్ కాపీ. మా ఆఫీసులో టైపు మిషన్ మీద మూడో కాపీ తీస్తే అక్షరాలు ఎట్లా అలికినట్టు వచ్చేవో ఆ పెడల్‌లో మూడో రిపీట్ అట్లాగే ఉంటుంది.

ఇంజనీర్లు ఈ మసకను ఎయిబ్ అనుకున్నారు. డిజిటల్ పెడల్ రాగానే "ఇదిగో, అద్దంలాంటి సాఫ్ ఎకో" అని అమ్మారు. మన మెహఫిల్‌కు మాత్రం ఆ ఎయిబే హునర్. ఎందుకంటే మాటను మాటగా నిలబెట్టేది హల్లులు. స, ష, ఖ, త, ట లాంటివి. వాటి సన్నని చప్పుడులో ఎక్కువ భాగం రెండు కిలోహెర్ట్జ్‌కు పైనే ఉంటుంది. రాగాన్ని మోసేది అచ్చులు, అవి కిందుంటాయి. తిరిగొచ్చే ఆవాజ్‌లో హల్లులు కోసేసి అచ్చుల్ని మాత్రం మిగిల్చితే, అసలు మాట ముందు నిలబడుతుంది, వెనక దాని నీడ నడుస్తుంది. సాఫ్ ఎకోలో నీడ కూడా మనిషిలా లేచి మాట్లాడుతుంది. ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఎవరి మాట వినాలి?

అయితే ఐదంకెల ధర పెట్టి బయటి దేశం పెడల్ కొనమంటున్నానా? లేదు, అది ఇస్రాఫ్. అనలాగ్ నడవడిక తెలిస్తే చాలు, అనలాగ్ చిప్ అవసరం లేదు. టైమ్ మార్చుకోగల ఏ మామూలు డిజిటల్ డిలే అయినా తీసుకోండి. దాని అవుట్‌పుట్‌ను మిక్సర్‌లో ఎఫెక్ట్ రిటర్న్‌కు కాకుండా ఒక ఖాళీ చానల్‌కు కలపండి. అప్పుడు ఆ చానల్ ట్రెబుల్ మీ చేతిలో ఉంటుంది. ట్రెబుల్ బాగా తగ్గించండి, ఫిల్టర్ ఉంటే మూడు కిలోహెర్ట్జ్‌కు పైన కోసేయండి. బేస్ కూడా 200 హెర్ట్జ్ కింద తీసేయండి, లేకపోతే దఫ్ దెబ్బలు, తబలా దగ్గా మూటకట్టుకుని తిరిగొస్తాయి. ఒక్క జాగ్రత్త. ఆ చానల్ మీదున్న ఆక్స్ నాబ్ సున్నాలో ఉండాలి. అది తెరిచి ఉంటే ఎకో మళ్లీ ఎకోలోకి పోయి కూత పెడుతుంది, జనం చెవులు మూసుకుంటారు.

చౌక డబ్బాలు రెండున్నవాళ్లు వాటిని ఒకదాని వెనక ఒకటి తగిలించి పొడుగు తెచ్చుకోవచ్చు. ఇక్కడ చాలామంది పప్పులో కాలేస్తారు. 300, 300 కలిపితే 600 అవుతుందనుకుంటారు, కానీ రెండు డబ్బాలూ అసలు ఆవాజ్‌ను కూడా కలిపి పంపుతుంటే 300 దగ్గర ఒక ఎకో గట్టిగా, 600 దగ్గర ఇంకోటి వస్తాయి. గందరగోళం రెట్టింపు. మిక్సర్ ఆక్స్ నుంచి పంపి, రెండు డబ్బాల్లోనూ అసలు ఆవాజ్‌ను పూర్తిగా ఆపి, తిరిగొచ్చేదాన్ని మాత్రమే వదలాలి. అసలు ఆవాజ్ ఎట్లాగూ మిక్సర్‌లో తన దారిన తాను పోతూనే ఉంటుంది. అప్పుడు 600 దగ్గర ఒకటే ఎకో. రెండు చిప్‌లు దాటింది కాబట్టి తనంతట తానే మసకగా ఉంటుంది. గిటార్ పెడల్ అయితే ఇంకో సంగతి. అది గిటార్ తీగ ఇచ్చే చిన్న సిగ్నల్ కోసం చేసింది, మిక్సర్ ఆక్స్ దానికి ఎన్నో రెట్లు ఎక్కువ తోస్తుంది. ఆక్స్‌ను బాగా కిందికి దించి మొదలుపెట్టండి. గరగరమంటే పెడల్ చెడిపోయిందని కాదు, మీరు ఎక్కువ తోస్తున్నారని. జనరేటర్ మీద నడిచే చోట పెడల్ అడాప్టర్ చౌకదైతే గుయ్యిమనే రొద వస్తుంది, దానికి బ్యాటరీయే మేలు.

ఎంత పొడుగు పెట్టాలి? ఖవ్వాలీకి హిసాబ్ సులువు. 60,000ను నిమిషానికి పడే తాళీల సంఖ్యతో భాగించండి. నిమిషానికి వంద తాళీలైతే 600 మిల్లీసెకన్లు, ఎనభై అయితే 750. ఎకో సరిగ్గా తాళీ మీద వచ్చి పడుతుంది, చప్పట్ల కింద దాక్కుంటుంది. ఇంతకుముందు చెప్పిన 250 ఇక్కడ ఏ మాత్రకూ అందకుండా మధ్యలో వేలాడుతుంది. కానీ ఖవ్వాలీ ఒకే చాల్‌లో నిలబడదు, హాల్ పెరిగేకొద్దీ లయ పెరుగుతుంది. ట్యాప్ బటన్ ఉన్న పెడల్ అయితే ఆపరేటర్ కూడా తాళీ కొడుతున్నట్టే వేలితో నొక్కుతూ పోవాలి. తాళం లేకుండా తరన్నుమ్‌లో సాగే నాత్‌కు ఈ లెక్క కుదరదు. అక్కడ 500, 600 మధ్య పెట్టి ఊరుకోండి. రిపీట్‌లు రెండు. లెవెల్ ఎంతంటే, తీసేసినప్పుడు ఏదో పోయిందనిపించాలి, ఉన్నప్పుడు ఉందని తెలియకూడదు.

ఇంకా మంచి తరీఖా ఒకటుంది, దానికి పైసా ఖర్చు లేదు. ఎకోను పాట పొడుగునా తెరిచి ఉంచకండి. మిస్రా నడుస్తున్నంతసేపు ఆక్స్ మూసి ఉంచి, చివర రదీఫ్ దగ్గర తెరవండి. రదీఫ్ అంటే ప్రతి షేర్ చివరా వచ్చే అదే మాట, తెలుగు కలామ్‌లో అంత్యప్రాస అనుకోండి. జనానికి ముందే తెలిసిన మాట అది, నోటికి వచ్చేసిన మాట. అది గాల్లో రెండుసార్లు తేలినా ఎవరికీ నష్టం లేదు, పైగా పాడేవాడు దమ్ తీసుకునే ఖాళీ నిండుతుంది. పొడుగు ఎకో అక్కడే అందగిస్తుంది. 250 ఎకో ఆ ఖాళీకి చాలదు, మొదలవగానే అయిపోతుంది.

కానీ దీనికి ఆపరేటర్‌కు కలామ్ తెలియాలి. మనం అతనికి కలామ్ కాగితం ఎప్పుడైనా ఇచ్చామా? స్టేజీ వెనక, జనరేటర్ పక్కన, స్పీకర్లకు వీపు తిప్పి కూర్చోబెడతాం. అక్కడ అతనికి జనం వినేది ఏదీ వినపడదు. లక్షలు పెట్టి లైటింగ్, గేటు కమాన్‌లు, కటౌట్లు పెడతాం. సౌండ్ దగ్గరికి వచ్చేసరికి "ఎన్ని బాక్సులు?" అనే ఒక్క సవాల్, ఆ తర్వాత బేరం. పెద్ద బాక్సులు కావాలి కానీ వినే చెవి అక్కర్లేదు మనకు. పైగా రాత్రి పది దాటితే మైకు ఆపాలని 2000 నాటి నిబంధనలున్నాయి, ప్రత్యేక ఇజాజత్ ఉంటే తప్ప. ఉన్న రెండు మూడు గంటల్లో మాట చేరాలంటే దారి ఇంకా గట్టిగా పెట్టడం కాదు, ఇంకా సాఫ్‌గా పెట్టడం.

గుంజల సంగతి ఇంకా మిగిలింది. స్టేజీకి డెబ్బై మీటర్ల దూరంలో ఒక గుంజకు హారన్ కట్టారనుకోండి. తీగలో కరెంటు క్షణంలో చేరుతుంది, గాలిలో ఆవాజ్ సెకనుకు సుమారు 350 మీటర్లే నడుస్తుంది. కాబట్టి ఆ గుంజ కింద కూర్చున్న ఆపాకు ముందు హారన్ మాట, 200 మిల్లీసెకన్ల తర్వాత స్టేజీ బాక్సుల మాట వినిపిస్తాయి. అంటే మీరు ఏ డబ్బా పెట్టకముందే ఆమెకు ఒక ఎకో ఉంది. దానిమీద మీరు 250 ఎకో నాలుగు రిపీట్‌లతో వేస్తే ఆమెకు వచ్చేది బజారు రొద. ఇక పెనుకొండ లాంటి చోట కొండ కూడా కలుస్తుంది. వంద మీటర్ల దూరంలో రాతి గుట్ట ఉంటే మన ఆవాజ్ పోయి రావడానికి సెకనులో సగానికి పైనే పడుతుంది. అల్లా ఇచ్చిన అనలాగ్ ఎకో అది, పొడుగ్గా, మసకగా. బాబయ్య ఉర్స్‌కు పోయినవాళ్లు రాత్రి జనం పలచబడ్డాక విని చూడండి. బాబా ఫఖ్రుద్దీన్ గారి పీర్, తిరుచ్చి నత్తర్ వలీ గారికి తబ్లె ఆలమ్ అని లఖబ్, అంటే లోకపు నగారా. అలాంటి సిల్సిలా దర్గా ముందర చౌక డబ్బా ఎకోతో చెవులు చిల్లులు పడేలా చేయడం నాకైతే అదబ్ అనిపించదు. మామూలు పరిష్కారం ఒకటే, జనానా హారన్లకు ఎకో లేని లైన్ వేరుగా ఇవ్వండి. మిక్సర్‌లో ఇంకో ఆక్స్ ఉంటే చాలు. అదే లైన్‌లో 200 మిల్లీసెకన్ల డిలేను ఎకోగా కాకుండా, మొత్తం ఆవాజ్‌ను ఆలస్యం చేయడానికి వాడితే స్టేజీ మాటా హారన్ మాటా ఒకేసారి చేరతాయి. రెండో డబ్బా ఉన్నవాళ్లు దాన్ని ఇక్కడ ఖర్చు పెట్టడమే నా మష్వరా.

ఇప్పుడు బుజుర్గుల మాటలో సగం నిజం. తిలావత్‌కు ఎకో వద్దు. ఖురాన్ చదివేటప్పుడు ఏ మద్ ఎంత లాగాలో తజ్వీద్‌లో హిసాబ్ ఉంది. ఖారీ సాబ్ రెండు హరకత్‌లు లాగి ఆపితే మన డబ్బా ఆరు దాకా లాగుతుంది. చదివేది ఆయనా, డబ్బానా? అజాన్‌కు వద్దు. బయాన్‌కు అసలే వద్దు, కానీ నాత్ అయ్యాక ఎకో ఆపడం మరిచిపోయి మౌలానా సాబ్ గంటసేపు బావిలోంచి మాట్లాడినట్టు బయాన్ ఇవ్వడం నేను చాలా జల్సాల్లో విన్నాను. సాజ్ ఉండొచ్చా, ఉండకూడదా అనే మసలా నాది కాదు, అది ఉలమాను అడగండి. ఉన్నచోట ఎలా ఉండాలో మాత్రమే చెబుతున్నాను.

ఆ రాత్రి పాడిన నాత్‌ఖ్వాన్ భాయ్‌తో ఈ ముచ్చట పెడితే కొంచెం నారాజ్ అయ్యాడు. "ఎకో తక్కువైతే గొంతు పట్టుకోదు భాయ్" అన్నాడు. న్యాయమే. అతని కోసం స్టేజీ మీదున్న మానిటర్‌లో ఎంత కావాలంటే అంత వేసుకోనివ్వండి. అది అతని చెవికి. జనం వైపు పోయే బాక్సులు జనం చెవికి. రెండూ ఒకటే కానవసరం లేదని చెప్పాక ఒప్పుకున్నాడు.

కమిటీ భాయీలకు ఒక్క గుజారిష్. ఈసారి మెహఫిల్ రోజు మగ్రిబ్‌కూ ఇషాకూ మధ్య, జనం రాకముందు, అరగంట సౌండ్‌కు ఇవ్వండి. తెలుగు కలామ్‌లో నాలుగు లైన్లు, ఎవరికీ ముందు తెలియనివి, మైకులో పాడించండి. జనానా గుంజ దగ్గర ఒక ఆపానో ఖాలానో కూర్చోబెట్టి, విన్నది తిరిగి చెప్పమనండి. ఆమె నాలుగు లైన్లూ చెప్పేదాకా సౌండ్ తమ్ముడికి చాయ్ ఇప్పించి నాబులు తిప్పిస్తూ ఉండండి. ముందు వరస కుర్చీలో కూర్చుని మనం తలూపితే ఆ టెస్ట్ లెక్కలోకి రాదు.